చూపించని చెయ్యి

మా సైకిల్ క్లబ్బులో గట్టిగా పాటించే కట్టుబాటు ఒక్కటే. రోడ్డు మీద గుంత కనిపిస్తే ముందు తొక్కేవాడు ఆ పక్కకి చెయ్యి దించి చూపించాలి. వెనకవాడికి ముందువాడి వీపు తప్ప ఏమీ కనపడదు. ఆ చేతిని నమ్ముకునే వాడు చక్రానికి చక్రం ఆనించినట్టు తొక్కుతాడు.

పోయినేడాది పద్మనాభం రోడ్డులో రేసు. ఇద్దరు అప్పటికే అందనంత దూరం వెళ్లిపోయారు. చివరి రెండు కిలోమీటర్లూ మిగతావాళ్లలో నేను ముందు, స్టీల్ ప్లాంటులో నాతో ఒకే షిఫ్టు చేసే స్నేహితుడు నా వెనక. నా మొహానికి అప్పటిదాకా ఒక్క పతకం లేదు. అంతసేపూ నా చాటున గాలి తప్పించుకుని, ఆఖర్న నన్నే దాటేస్తాడని ఒళ్లు మండిపోయింది. అప్పుడే వాన నీళ్లు నిండిన గుంత కనబడింది. నేను పక్కకి తప్పుకున్నాను. చెయ్యి మాత్రం హ్యాండిల్ మీంచి తియ్యలేదు.

వెనక చప్పుడు వినపడింది. నేను ఆగలేదు. మూడో స్థానం వచ్చింది.

ఆసుపత్రిలో, తుంటికి రాడ్డు వేయించుకుని పడుకున్నవాడు తిరిగి నన్నే ఓదార్చాడు. "నువ్ సూసుండవులే బావ. సూస్తే సెయ్యి సూపించీవోడివే."

నేను తలూపాను.

ఇప్పుడు వాడు సైకిల్ తొక్కలేడు. ఆదివారాలు స్కూటర్ మీద మా వెంట నీళ్ల సీసాలు తెస్తాడు. కొత్తగా చేరినవాళ్లని పిలిచి మరీ నన్ను చూపిస్తాడు.

"ఈ బావ ఎనకాల తొక్కండి. కళ్లు మూసుకుని తొక్కీయొచ్చు."