అమ్మ మొహం రంగు

ఆ వీధిలో ఆమెను అందరూ ఫోటో అక్క అనేవారు. తండ్రి పోయాక స్టూడియో ఆమె చేతికీ, తమ్ముడి చేతికీ వచ్చింది. కింద స్టూడియో, పైన ఇల్లు. పనిలో ఇద్దరూ సమానమే గానీ, మాట నెగ్గించుకోవడంలో తమ్ముడిదే పైచేయి. అక్క రెండు మాటలు అని ఊరుకునేది. అతను ఊరుకునే రకం కాదు.

గొడవ ఒక బట్టల కొట్టాయన వల్ల మొదలైంది. ఆయన కొట్లోని కొత్త బట్టలు వేసుకున్న అమ్మాయిని ఇద్దరూ చెరో కెమెరాతో తీశారు. రెండూ ఒకే కంపెనీవి. తమ్ముడిది కాస్త కొత్త మోడల్, అంతే తేడా. కొట్టాయన ఫోటోలు బల్ల మీద పరిచి మొహం చిట్లించాడు.

"ఒకే పిల్లకి ఇందులో ఒక రంగు, అందులో ఇంకో రంగా? జనం నా బట్టలు మానేసి ఈ పిల్ల మొహం చూస్తారు."

ఆయన వెళ్ళగానే, "నీ కెమెరాదే తప్పు" అన్నాడు తమ్ముడు.

"నీది కాదని ఏంటి నమ్మకం?"

"అయితే తేల్చేద్దాం రా."

తేల్చాలంటే ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి. పైనుంచి అమ్మను పిలిచారు. ఆవిడ గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగింది. తిండి సయించడం లేదని ఈమధ్య అంటూనే ఉంది. తేలికగా ఏదన్నా తినమని వీళ్ళూ అంటూనే ఉన్నారు.

కిటికీ పక్కన, తెల్లగోడ ముందు స్టూలు వేసి కూర్చోబెట్టారు. వెలుతురు ఒకటే. లెన్సు కూడా ఒకటే, దాన్నే విప్పి ఈ కెమెరాకీ ఆ కెమెరాకీ మార్చారు. సెట్టింగులు సమానం చేశారు. కంప్యూటర్లో ఏమీ దిద్దకూడదు, కెమెరా ఇచ్చిన రంగు ఇచ్చినట్టే చూడాలని ఒప్పందం.

"ఇంకా ఎంతసేపురా? ఒళ్ళంతా ఒకటే దురద" అంది అమ్మ.

"అయిపోయిందమ్మా. గడ్డం కొంచెం పైకెత్తు."

"మీ నాన్న కూడా నా మొహం ఇంతసేపు చూడలేదురా!"

ముగ్గురూ నవ్వుకున్నారు.

రెండు ఫోటోలూ తెర మీద పక్కపక్కనే పెట్టారు. గోడ రెండింట్లోనూ తెల్లగానే ఉంది. స్టూలు చెక్క రంగూ, అమ్మ కప్పుకున్న బూడిదరంగు శాలువా కూడా ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. తేడా అంతా మొహంలోనే. తమ్ముడి కెమెరాలో అమ్మ బుగ్గలు ఎర్రగా, బాగా నిద్రపోయి లేచినట్టున్నాయి. అక్క కెమెరాలో మొహమంతా పసుపు.

"చూశావా? ఎలా కొట్టేస్తోందో పసుపు!"

"పసుపు కొట్టేదే అయితే గోడకి కూడా కొట్టాలి కదరా."

"గోడ చూసి ఎవడన్నా ఆల్బమ్ కొంటాడా? మొహం బాగుండాలి."

అక్కకు తన మాటలోనే ఏదో ఉందనిపించింది గానీ, అదేమిటో ఆలోచించే ఓపిక లేకపోయింది. పక్కనే కూర్చున్న అమ్మ వైపు తల తిప్పి ఉంటే సరిపోయేది. ఇద్దరూ తెరనే చూస్తున్నారు.

"సరే, నీ మాటే కానీ" అంది. తన కెమెరా రంగుల్లో పసుపు తగ్గించి, ఎరుపు పెంచి, మళ్ళీ తీసి, మళ్ళీ మార్చి, చివరికి తమ్ముడి కెమెరా రంగుతో కలిపేసింది. అంతసేపూ అమ్మ కూర్చునే ఉంది.

"ఇప్పుడెంత బాగున్నావో చూడమ్మా" అన్నాడు తమ్ముడు.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసుకుంది. "అవునురా. నేనే ఏదో జబ్బని ఊరికే భయపడుతున్నాను" అంది.

కొన్ని వారాల తర్వాత అమ్మ స్నానాల గదిలో పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూసి, "కళ్ళు ఇంత పచ్చబడితే ఇంట్లో ఒక్కరూ గమనించలేదా? ఏం చేస్తుంటారు మీరు?" అంది. ఫోటోలు తీస్తామని చెప్పడానికి ఇద్దరికీ నోరు పెగల్లేదు.

కడుపులో గడ్డ. అది అడ్డుపడి కామెర్లు వచ్చాయి. "ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే ఆపరేషన్ కుదిరేదేమో" అంది డాక్టరమ్మ. ఆ 'ఏమో' అక్కకు ముల్లులా గుచ్చుకుంది. ఆ ఏడాది తిరక్కుండానే అమ్మ పోయింది.

గోడకు పెట్టడానికి తమ్ముడు ఆ ఎర్రబుగ్గల ఫోటోనే పెద్దది చేయించి తెచ్చాడు.

"అది తీసెయ్. అది అమ్మ కాదు" అంది అక్క.

"మరి ఆ రోగిష్టి మొహం పెట్టమంటావా? వచ్చినవాళ్ళంతా జాలిపడాలా?"

"ఏదీ పెట్టొద్దు."

"అమ్మ నీకొక్కదానికే అమ్మా?"

చిన్నప్పటి సంగతుల నుంచీ అన్నీ బయటికొచ్చాయి. అనకూడనివీ అనుకున్నారు. ఫోటో గోడ మీదే ఉండిపోయింది. అక్క గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడామె ఒక పెద్ద ఆఫీసులో గుర్తింపు కార్డులకు ఫోటోలు తీస్తోంది. కెమెరా గోడకు బిగించి ఉంటుంది, రంగులన్నీ మిషనే చూసుకుంటుంది. కూర్చోమనడం, కదలొద్దనడం, లేవమనడం, అంతే పని. తన కెమెరా ఎప్పుడో అమ్మేసింది.

ఒకసారి తమ్ముడు అక్కడికే వచ్చాడు. వరసలో అందరి వెనకా నిలబడి, వంతు వచ్చాక కూర్చోకుండా, "నా ఒక్కడివల్ల కావట్లేదక్కా, వచ్చెయ్" అన్నాడు.

"రాను."

"అంత కానిపని ఏం చేశాన్నేను? ఇద్దరం కలిసే కదా చూశాం!"

"అందుకే రాను. నువ్వు కనిపిస్తే నేను కూడా తెరనే చూశానని గుర్తొస్తుంది."

అతను ఇంకేదో అనబోయాడు. వెనకున్న ముసలాయన, "కానివ్వండి బాబూ, మాకూ పనులున్నాయి" అని విసుక్కున్నాడు. తమ్ముడు పక్కకు జరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.