నికోలా పండగ నాడు ఎవరు నిలబడాలి?

తిహోమిర్ మొండిఘటం. గుండె ఆపరేషన్‌కని కాలి నుంచి రక్తనాళం తీశారు. గుండె కుదుటపడింది గానీ, షుగరు పుణ్యమా అని కాలి కోత మానలేదు. చివరికి వల్యెవో ఆసుపత్రిలో డాక్టర్ నెవెన్కా అతని రక్తమే కాస్త తీసి, యంత్రంలో గిరగిరా తిప్పి, ప్లేట్‌లెట్లు నిండిన పసుపుపచ్చని భాగాన్ని జెల్లీలా చేసి పుండు మీద పరిచింది.

"నా ఒంట్లో ఉండగా చేయని పని, బయటికి తీసి తిప్పితే చేస్తుందా?" అన్నాడు తిహోమిర్.

"నాలుగు తిప్పలు పడితే మనుషులకే బుద్ధొస్తుంది, రక్తానికి రాదా? మీరు మాత్రం నిలబడకండి బాబాయ్. ఇదీ పట్టకపోతే కాలు మోకాలి దాకా తీసెయ్యాల్సిందే."

పుండులో మెల్లగా ఎర్రని కొత్త కండ చిగురించసాగింది. అంతలో ఆ ఇంటి ఇలవేల్పు నికోలా పండగ వచ్చిపడింది. ఆ రోజు పిలవకపోయినా జనం వస్తారు. చివరి అతిథి వెళ్ళేదాకా ఇంటి యజమాని కూర్చోకూడదు. తాత కూర్చోలేదు, తండ్రి కూర్చోలేదు, ఇతను కూర్చుంటాడా!

"కాలు పోతే వచ్చే ఏడు దేనిమీద నిలబడతావయ్యా?" అని భార్య వీదోసావ నెత్తీ నోరూ కొట్టుకుంది. వింటేగా! మధ్యాహ్నానికి కట్టు తడిసింది. అయినా నవ్వుతూ అందరికీ ప్లమ్ సారా పోస్తూనే ఉన్నాడు.

అప్పుడొచ్చింది నెవెన్కా. వీదోసావ గుమ్మంలోనే తీపి గోధుమల పళ్ళెం పట్టింది. వచ్చినవాళ్ళు అది రుచి చూడకపోతే ఇంటికే అవమానం. డాక్టరమ్మ చెంచా నిండా తీసుకుంది, కట్టు చూసింది, ఆగిపోయింది.

"మీరు కూర్చుంటేనే ఇది నా నోట్లోకి వెళ్తుంది బాబాయ్."

"పండగపూట ఇదేం అన్యాయం తల్లీ! పైనున్న మా నాన్న ఏమనుకుంటాడు?"

"ఆయన రెండు కాళ్ళతోనే పోయాడుగా!"

"మరి నా బదులు ఎవరు నిలబడతారు?" అన్నాడు తిహోమిర్.

"నేను," అంది వీదోసావ. "పెళ్ళయినప్పట్నుంచీ ఏ పండక్కి కూర్చున్నాను గనక?"

తిహోమిర్ భార్య వంక చూశాడు. ఇన్నేళ్ళూ తానొక్కడే నిలబడుతున్నానని గొప్పపడ్డాడు పాపం. సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత మరోసారి రక్తం తీసి జెల్లీ పరిచారు. వసంతానికల్లా కోత మూసుకుంది.

మరుసటి పండక్కి తిహోమిర్ రెండు కాళ్ళ మీదా నిలబడి చేపలు వడ్డించాడు. మొట్టమొదటి పళ్ళెం బల్ల దగ్గర కూర్చున్న వీదోసావ ముందు పెట్టాడు. అంతమందిలో కూర్చుని తినడం ఎలాగో తెలియక ఆవిడ ఏడ్చేసింది.