పరజ పులుసు పెడతానన్న ఆదివారం

ఇలా వచ్చి సరిగ్గా కూర్చో చిన్నీ. ఆ కాళ్ళు ఊపడం ఆపి, నేను చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టు. మధ్యలో నీ తెలివి కలపకు.

ఆ రోజుల్లో ఈ దేశంలో కంప్యూటరు కంపెనీలు వానకి పుట్టగొడుగులు లేచినట్టు లేచేవి. ఉద్యోగం దొరకడం తేలిక, అద్దెకి ఇల్లు దొరకడం కష్టం. నేను షానన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని, కాపురం పక్క ఊరు ఎన్నిస్‌లో. ఊళ్ళో మన తెలుగువాళ్ళు నాలుగిళ్ళు. అందులో ఒకావిడ భర్త డాక్టరు, అందుకని అందరం ఆవిణ్ణి డాక్టరు వదిన అనేవాళ్ళం. ఓ ఆదివారం ఆవిడ చికెన్ వండి, “ఈ దేశంలో ఇంతకంటే ఏం దొరుకుతుందిలే” అంది. నాకెక్కడో కాలింది. “మాది కొల్లేరు పక్క వదినా. పై ఆదివారం అందరూ మా ఇంటికి రండి, పరజ పులుసు పెడతాను” అనేశాను. పరజలంటే అడవి బాతులే. మా మావయ్య తెస్తే తినడమే గాని, ప్రాణంతో ఉన్న పరజని దగ్గరగా చూసిన పాపాన పోలేదు. (ఆయన అలా వేటాడి తేవడం తప్పు. ఇది రాయకు. అప్పుడే టైపు కొట్టేశావా? సరే, ఉంచు.)

మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ తాత ఒకాయన ఉండేవాడు. ఎండైనా వానైనా మోకాళ్ళదాకా రబ్బరు బూట్లే, అందుకని నాకు ఆయన బూట్ల తాత. సముద్రపు పాయ ఒడ్డున బాతుల్ని వేటాడే క్లబ్బులో పెద్ద. సోమవారం పొద్దున్నే వెళ్ళి, నాకో బాతు కావాలన్నాను.

“అంగట్లో కొన్నట్టు కాదమ్మాయ్,” అన్నాడు. “గార్డ్స్ దగ్గర, అదే ఇక్కడి పోలీసుల దగ్గర, తుపాకీ లైసెన్సు తీసుకోవాలి. పొలం వాళ్ళు ఒప్పుకోవాలి. వేట సెప్టెంబరులో మొదలైతే జనవరి ఆఖరుకి సరి. ఈ శనివారమే ఆఖరి రోజు.”

“నేను పక్కన కూర్చుంటాను, మీరు కొట్టండి.”

“నా పక్కన కూర్చోవాలంటే పిట్టలు తెలియాలి. మా తాత పెద్ద తుపాకీతో ఒక్క దెబ్బకి పడవ నింపేవాడు. మా నాన్న నాటికి నింపడానికి పిట్టల్లేవు. అందుకే ఈ రూల్సు.” అని, కొట్టొచ్చే పిట్టలవీ కొట్టకూడనివాటివీ బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టాడు.

ఆ వారం ఆఫీసు పని కంటే ఆ కాగితాన్నే ఎక్కువ టెస్ట్ చేశాను. బొమ్మలు కత్తిరించి వంటింట్లో ప్రెస్ తలుపులకి అంటించాను. (అలమరాని ప్రెస్ అనడం నాకు అప్పుడే అలవాటైంది.) మీ తాత కాఫీ అడిగితే, “ముందు రెక్క మీద నీలం పట్టీ దేనికుంటుందో చెప్పండి” అనేదాన్ని. పాపం, మల్లార్డ్ బాతుకని చెప్పి కాఫీ తాగేవాడు.

శనివారం తెల్లవారకుండానే రెల్లులో, బురదలో, ఆయనా నేనూ ఆయన కుక్కా. కదలకూడదు, మాట్లాడకూడదు. తెల్లారుతుంటే నాకు ఆకలేసింది. దూరంగా బాతుల గుంపు మా వైపే దిగుతోంది. సరిగ్గా అప్పుడే పులిహోర డబ్బా స్టీలు మూత జారి రాయి మీద ఖంగుమంది. గుంపు గుంపంతా వెనక్కి తిరిగింది.

“అదేం పిట్ట?” అన్నాడు బూట్ల తాత, నా మొహం చూడకుండా.

“టిఫిను మూత.”

“మా కాగితంలో లేదే.”

కుక్క మాత్రం పులిహోర తింది. నేను డబ్బా సర్దుతుంటే, నీళ్ళ మీద నుంచి ఒక్కటే పిట్ట నెమ్మదిగా మా మీదకే వచ్చింది. తాత తుపాకీ ఎత్తి, “చెప్పు, ఏంటది?” అన్నాడు. ఎర్ర ముక్కు, తెల్లటి ఒళ్ళు, ఛాతీ చుట్టూ ఇటుక రంగు పట్టీ. మల్లార్డ్ అని చెబితే కొడతాడు, రేపు పులుసు. నిజం చెబితే డాక్టరు వదిన మొహం.

“షెల్‌డక్,” అన్నాను. “దాన్ని కొట్టకూడదు.”

ఆయన తుపాకీని మధ్యకి మడిచి, గొట్టం తెరిచి చూపించాడు. లోపల తూటా లేదు. మూత పడ్డప్పుడే తీసేశాడట. “గ్రాండ్,” అన్నాడు, భేష్ అన్నట్టు. “సెప్టెంబరులో రా. మూత లేని డబ్బా తెచ్చుకో.”

ఆదివారం కోడిగుడ్ల పులుసు పెట్టాను. డాక్టరు వదిన గిన్నెలోకి తొంగి చూసి, “పరజలు గుడ్లు పెట్టి ఎగిరిపోయాయా అమ్మా?” అంది. అందరూ నవ్వారు, రెండోసారి వడ్డించుకున్నారు.

“నాన్నమ్మా, డిడ్ యు ఎవర్ గెట్ వన్?”

పట్టుపట్టి లైసెన్సు కూడా తీసుకున్నానే. ఎన్ని సెప్టెంబర్లు కూర్చున్నానో ఆ రెల్లులో. పిట్ట కనబడగానే ముందు దాని పేరు చెప్పాలనిపించేది, చెప్పేలోపు అది దాటిపోయేది. బూట్ల తాత పోయాక కూడా వెళ్ళి, ఆయనకి వినబడేట్టు పైకే చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజు వచ్చింది నిజంగా మల్లార్డే అయ్యుంటే నేను...

“అత్తయ్యా, చిన్నీ, ఇక రండి, గుడ్ల పులుసు చల్లారిపోతోంది.”