పిలుపు ప్రోగ్రాం ఎక్కడుందో వెతికిన రాత్రి

ఇది నిజంగా జరిగింది. మా పిల్ల మీద ఒట్టేయమన్నా వేస్తాను. మీరు నవ్వినా సరే, జరిగింది జరిగినట్టే చెబుతా... ఇంతకుముందు నలుగురైదుగురికి చెప్పాను గానీ, సగమే చెప్పాను. మిగతా సగం సిగ్గేసి మింగేశాను. ఇవాళ అదీ చెప్పేస్తాను.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఓ కళ్ళ ఆస్పత్రి. అక్కడ నేను సిస్టమ్స్ ఇన్‌చార్జిని. పేరు గొప్పే గానీ ఉన్నవి ఆరు కంప్యూటర్లు. వాటిలో హాల్లో ఉన్న లైనక్స్ కంప్యూటరు టోకెన్లు పిలుస్తుంది. కళ్ళలో చుక్కలు వేశాక పేషెంట్లకి బోర్డు మీద నంబరు కనిపించదు కదా... అందుకని డాక్టరు తన గదిలో బటన్ నొక్కగానే స్పీకర్లో ఓ గొంతు వస్తుంది. "టోకెన్ నంబరు పన్నెండు... లోపలికి రాండ్రి."

ఆ గొంతు యాదగిరిది. మా అటెండరు. జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చాడు. కోఠిలో పాత పుస్తకాలు కొనుక్కుని ప్రోగ్రాం రాయడం తనంతట తానే నేర్చుకున్నాడు. టోకెన్లు పిలిచే ప్రోగ్రాం అతనే రాశాడు, 'పిలుపు' అని పేరు పెట్టాడు. ఒకటి నుంచి రెండు వందల దాకా నంబర్లన్నీ తనే చదివి రికార్డు చేశాడు. నేను చేసిందల్లా స్పీకరుకి వైరు లాగడం.

పెద్ద డాక్టరుగారు విని మురిసిపోయారు. "ఎవరు చేశారయ్యా ఇది?" అన్నారు. "నేనే సార్" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది... యాదగిరి పక్కనే స్టూలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వంక చూశాడు. స్టూలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. రెండు నెలల్లో మానేసి, సిద్దిపేటలో ఏదో కాలేజీ ల్యాబులో చేరాడు.

అతను వెళ్ళిన వారానికి నేను ఇంకో పని చేశాను. ఎవరికీ చెప్పనిది ఇదే. ఆ కంప్యూటర్లో యాదగిరి పేరుతో ఒక ఫోల్డరు ఉండేది. ప్రతి ఫైలు మొదటి వరుసలోనూ 'రాసినది యాదగిరి' అని ఉంది. ఎవరైనా చూస్తే? మొత్తం తీసేశాను. ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు వేరే చోట ఉంటాయి, ఇది అతని సొంత కాపీ అయ్యుంటుంది అనుకున్నా. తీసేశాక కూడా హాల్లో "టోకెన్ నంబరు..." అని వినిపిస్తూనే ఉంది. హమ్మయ్య అనుకుని టీ తాగాను.

కిందటి వానాకాలం ఆ కంప్యూటరు రొద ఎక్కువైంది. ఆబిడ్స్ వెళ్ళి కొత్తది తెచ్చాం. డాక్టరుగారు "నువ్వు రాసిందేగా ప్రసాద్, రాత్రికి ఇందులో పెట్టెయ్. పొద్దున్న ఏడింటికి క్యాంపు" అన్నారు. పెట్టలేకపోతే నేను రాయలేదని తేలిపోతుంది. పరువు పోతుంది, వెనకే ఉద్యోగమూ పోతుంది.

రాత్రి తొమ్మిది. హాలు ఖాళీ. స్టేషన్లో అనౌన్స్‌మెంట్ సన్నగా వినిపిస్తోంది... వెనక గదిలో ఆయమ్మ నర్సమ్మ నేల తుడుస్తోంది.

ప్రోగ్రాం ఎక్కడుందో చెప్పడానికి లైనక్స్‌లో 'విచ్' అని ఓ కమాండ్ ఉంది. కొట్టాను. ఏమీ రాలేదు. 'వేర్ ఈజ్' అని ఇంకోటి కొట్టాను. పిలుపు అన్న పేరు, పక్కన రెండు చుక్కలు... ఎక్కడుందో చెప్పాల్సిన చోట ఖాళీ. ఇన్‌స్టాల్ చేసిన వాటి జాబితా తీశాను. అందులోనూ లేదు. చివరికి 'ఫైండ్'తో డిస్కు మొత్తం వెతకమన్నాను. గరగర... గరగర... చాలాసేపు తిరిగింది. ఆగింది. ఎక్కడా లేదు.

కానీ నడుస్తోంది! నడిచే ప్రోగ్రాముల జాబితాలో నా కళ్ళెదుటే ఉంది. ఫైలు లేదు... ప్రోగ్రాం ఉంది.

అప్పుడు... స్పీకరు 'టిక్' మంది.

నంబరు పిలిచే ముందు అలాగే అంటుంది. తలెత్తాను. డాక్టరు గది చీకటి. లోపల బటన్ నొక్కేవాళ్ళెవరూ లేరు.

"వరప్రసాద్ సారూ..."

యాదగిరి గొంతు.

ఆగింది. స్పీకర్లో సన్నగా... ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు.

"...లోపలికి రాండ్రి."

ఆస్పత్రిలో నేను అందరికీ ప్రసాద్‌ని. వరప్రసాద్ సారూ అని పిలిచేది అతనొక్కడే.

నర్సమ్మ తడి గుడ్డతో అలాగే వచ్చింది. "యాదగిరి వచ్చిండా సారూ? ఇప్పుడే మాట ఇనవడ్డది."

"ఏమని?"

"మిమ్ముల్నే లోపలికి పిలిచిండు గద. గట్ల చూస్తరేంది, పోర్రి!"

నేను వెళ్ళలేదు. నర్సమ్మే వెళ్ళి లైటు వేసింది. "ఎవ్వరు లేరు సారూ" అంది. తడి గుడ్డ అలాగే పట్టుకుని నా పక్కకొచ్చి నిలబడింది.

ఇక దారి లేక యాదగిరికే ఫోను చేశాను. అతను మానేశాక అదే మొదటిసారి.

"సారూ! బాగున్నరా?" ఎంత సంతోషంగా అన్నాడో...

"పిలుపు ఎక్కడుంది యాదగిరీ? దొరకడం లేదు."

"నా ఫోల్డర్లనే ఉన్నది గద సారూ. వేరే యాడ పెట్టలే."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"కంప్యూటర్ బంద్ చేసిన్రా?" అన్నాడు.

"లేదు. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ ఒక్కసారీ ఆపలేదు, నడుస్తూనే ఉంది."

"ఔనా, అయితే ఫికర్ చేయకుండ్రి. నడుస్తున్నప్పుడు ఫైలు తీసేసినా ప్రోగ్రాం మెమొరీల బతికే ఉంటది. గొంతు గూడ అండ్లనే ఉంటది. బంద్ మాత్రం చేయకుండ్రి. నే చెప్పినట్టు కొట్టుండ్రి."

కొట్టాను. ప్రోగ్రాం ఏ ఫోల్డర్లోదో తెర మీద వచ్చింది. అందులో యాదగిరి పేరు. చివర ఒక్క మాట... 'డిలీటెడ్'.

"ఏమొచ్చింది సారూ? చదువుండ్రి."

చదివాను. చివరి మాటతో సహా చదివాను.

"ఆ, గదే. ఇగ కాపీ చేసుకోండ్రి."

ఎవరు తీశారని అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది. "గొంతు ఫైళ్ళు గిట్ల రావు సారూ, మల్ల చదివి పంపుత" అన్నాడు. ఫోను పెట్టేసే ముందు అడిగాను. "పేర్లు కూడా రికార్డు చేశావా? నా పేరు... సరదాకైనా?"

"పేర్లా? లే సారూ. రోజు కొత్తోళ్ళు వస్తరు, పేర్లు ఎట్ల చేస్తం? మీతోని నాకు సరదా ఏంది!" అని నవ్వాడు.

పదకొండున్నరకి రెండు వందల నంబర్లూ పంపాడు. నూట ఎనభై దాటాక గొంతు బొంగురుపోయింది. అయినా ఒక్కటీ వదల్లేదు.

పొద్దున్న క్యాంపు బాగా జరిగింది. డాక్టరుగారు అందరి ముందూ నా వీపు తట్టి "మా ప్రసాద్ రాసిందే" అన్నారు. నేను తల దించుకున్నాను. వినయం అనుకున్నారు.

ఆ రాత్రి నన్ను పిలిచిందేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. ఎప్పుడో పరీక్షకని పలికిన ముక్క మెమొరీలో ఉండిపోయిందా... అలాగైతే ఆ వేళకే ఎందుకు రావాలి? పాత కంప్యూటరు బంద్ చేసేశాం. అందులో ఏముండేదో ఇక చూసే వీలు లేదు. నర్సమ్మని అడిగితే ఇప్పటికీ విన్నాననే అంటుంది.

హాల్లో స్పీకరు 'టిక్' మన్న ప్రతిసారీ, నంబరు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుంటాను. నా పేరు మళ్ళీ వినిపించలేదు. డాక్టరుగారి గదిలోకి రోజూ వెళ్తూనే ఉన్నాను... యాదగిరి పేరు ఆయనకి ఇంకా చెప్పలేదు.