తలకిందుల గొడుగు

కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక విదేశీ గాయని వీడియోల పిచ్చిలో ఉండేదాన్ని. ఒకదానిలో ఆమె వానలో గొడుగును తలకిందులుగా పట్టుకుని, అందులో పడే చినుకుల చప్పుడుకే పాట పాడుతుంది. ఆ పాట మొదలైతే చాలు, "ఎవరైనా ఆ కుళాయి కట్టెయ్యండర్రా!" అని అరిచేవారు మా అత్తగారు. ఊరు మొత్తంలో ఆ గాయని అభిమానిని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఫిల్మ్ నగర్‌లో బస్సెక్కాను. జోరున వాన, బస్సు పైకప్పు కారుతోంది. అందరూ విసుక్కుంటూ పక్కకి జరుగుతుంటే, నా పక్కన కూర్చున్నావిడ మాత్రం గొడుగు విప్పి, తలకిందులు చేసి ఒళ్ళో పెట్టుకుంది. అందులో టప్ టప్‌మని చినుకులు. నాకు తెలియకుండానే పాట అందుకున్నాను. ఆవిడ కళ్ళు మెరిశాయి.

"మీరు గూడ చూసిండ్రా! నాకు ఖాళీ కేసెట్ దొరకలే, మా పెళ్ళి కేసెట్ మీదనే ఎక్కించుకున్న. జీలకర్ర బెల్లం దాక పెళ్ళి, ఆడికెల్లి గీ పాటనే."

"అయ్యో, మరి తాళి కట్టేది?"

"తాళి మెడల ఉంది గద, కేసెట్‌ల ఎందుకు?"

బోరబండలో ఆవిడ దిగేదాకా ఇద్దరం పాడుతూనే ఉన్నాం. ఇంటికి రాగానే మా పెళ్ళి కేసెట్ కోసం బీరువా అంతా గాలించాను.