రెండు వందల మందికి సమాధానం లేదు

మా బడిలో లెక్కలు చెప్పే సుల్మా బనేగాస్ ఇరవై రెండేళ్లుగా పిల్లలకు ఒకే మాట చెబుతూ వచ్చింది. "సమాధానం రాకపోతే బెంగపడకండి. సమీకరణంలో కుడివైపు సంఖ్య మార్చి చూడండి, ఎందుకు రాలేదో తెలుస్తుంది." లెక్కలవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. నేను చరిత్ర చెప్పేదాన్ని. అందులో ఏం ప్రమాదం ఉంటుందిలే అనుకునేదాన్ని.

ఆ నవంబరులో ఉలువా నది కట్ట తెంచుకుంది. అరటితోటల బస్తీ నుంచి రెండు వందల మంది మా తరగతి గదుల్లోకి వచ్చిపడ్డారు. పదహారో రోజున సహాయ కార్యాలయం గుట్ట మీద గుడారాలు ఇస్తామంది. ఆరుగురు పట్టేవి ఇరవై, తొమ్మిదిమంది పట్టేవి ఇరవై. షరతు ఒక్కటే, తీసుకున్న ప్రతి గుడారమూ నిండాలి. ఒక్క మంచం ఖాళీగా ఉన్నా కంప్యూటరు ఫారం తీసుకోదు. కిందటి వరదలో లేని మనుషుల పేర్లు రాసి గుడారాలు అమ్ముకున్నది ఆఫీసుల్లోని పెద్దలు. శిక్ష మాత్రం బురదలో నిలబడినవాళ్లకు. జాబితాలో పేరు కొట్టేయొచ్చట, కొత్త పేరు చేర్చకూడదట. సాయంత్రం నాలుగులోపు ఫారం పంపకపోతే గుడారాలు ఇంకో ఊరికి పోతాయి.

సుల్మా కంప్యూటరు ముందు కూర్చుని, పిల్లలకు గ్రాఫులు చూపించే గణిత సాఫ్ట్‌వేర్ తెరిచింది. ఆరు ఎక్స్, తొమ్మిది వై కలిపితే రెండు వందలు. పూర్ణ సంఖ్యలే కావాలని, ఏదీ ఇరవై దాటకూడదని అడిగింది. తెర మీద రెండు బ్రాకెట్లు వచ్చాయి. మధ్యలో ఏమీ లేదు.

"ఇంకోసారి నొక్కు టీచరమ్మా," అన్నాడు కిటికీ బయటి నుంచి, బస్తీ అంతా గౌరవంగా దోన్ అని పిలిచే ఎలెయుతేరియో. నలభై ఏళ్లు అరటిగెలలు మోసి నడుం వంగిన ముసలాయన. "మా కాసిల్దా కూడా ఒక్క పిలుపుకి పలకదు."

"వంద పిలుపులు పిలిచినా నీకెవరు పలుకుతారయ్యా?" అంది పక్కనే ఉన్న భార్య కాసిల్దా.

సుల్మా నవ్వలేదు. "ఆరూ తొమ్మిదీ మూడుతో పోతాయి తాతా. రెండు వందలు పోదు. ఎన్నిసార్లు నొక్కినా ఇంతే."

సహాయ కార్యాలయం ఆఫీసరుకు ఫోను చేసింది. "రెండు వందలకు లెక్క రావట్లేదు. ఒక్కటంటే ఒక్క మంచం ఖాళీగా వదలనివ్వండి సార్."

"నేను వదిలినా ఫారం వదలదు టీచర్ గారూ. మీరు లెక్కలావిడే కదా, ఎలాగో సర్దండి."

"అంకెలైతే సర్దుతాను. మనుషుల్ని ఎలా సర్దమంటారు?"

అటు ఫోను పెట్టేశారు.

అప్పుడు ఆమె చెయ్యి అలవాటు చొప్పున కదిలింది. రెండు వందలు తుడిచి నూట తొంభై తొమ్మిది కొట్టింది. మళ్లీ ఖాళీ బ్రాకెట్లే. నూట తొంభై ఎనిమిది. తెర మీద జతలు జతలుగా ఆరు సమాధానాలు.

"వచ్చింది! ఇద్దరు తగ్గితే వస్తోంది!" అని కేకేసి, మరుక్షణం నాలుక కరుచుకుంది. కిటికీ బయట మాటలు ఆగిపోయాయి.

మూడున్నరకు చూస్తే, తలుపుకు అంటించిన జాబితాలో రెండు పేర్లు పెన్సిలుతో కొట్టేసి ఉన్నాయి. సుల్మా, నేను గేటు దాకా పరిగెత్తాం. "కట్ట వైపు పోయారు. దుప్పటి కూడా పట్టుకెళ్లలేదు," అంది అక్కడ మొక్కజొన్న రొట్టెలు కాలుస్తున్నావిడ. వెనక్కి వచ్చేసరికి వరండాలో జనమంతా మూటలు కట్టుకుని నిలబడ్డారు.

"టీచరమ్మా, టైమవుతోంది," అంది వాళ్లలో ఒకామె, పసిబిడ్డను భుజం మార్చుకుంటూ.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా సుల్మా ఫారం పంపింది. నేనూ ఆపలేదు. ఫారం వెంటనే ఒప్పుకుంది.

మర్నాడు వంతెన కింద ప్లాస్టిక్ పట్టా వేసుకుని ఆ ముసలి దంపతులిద్దరూ కనిపించారు.

"లెక్క తేలిందా?" అని నవ్వాడు ముసలాయన. సుల్మా తన ఇంటికి రమ్మని కాళ్లావేళ్లా పడింది. "రాంలే తల్లీ. ఇక్కణ్ణుంచి మా ఇంటి కప్పు కనిపిస్తోంది. ఏడవకు. కూలీల జాబితాలో నా పేరు అరటితోట కంపెనీవాళ్లు ఎన్నిసార్లు కొట్టేశారో! ఈసారి నా చేత్తో నేనే కొట్టుకున్నాను."

ఆ రెండు పేర్లూ మళ్లీ రాయించాలని సుల్మా పదకొండుసార్లు ఆఫీసుకు వెళ్లింది. ఆఖరిసారి నేనూ వెంట ఉన్నాను.

"వాళ్లను చేరిస్తే రెండు వందలవుతుంది టీచర్ గారూ," అన్నాడు ఆఫీసరు విసుక్కుంటూ. "రెండు వందలకు రాదని నాకు ఫోనులో చెప్పింది మీరే కదా?"

ఆ లెక్కలో తప్పు లేదు. సుల్మా కుర్చీలోంచి లేచింది.