తుపాకీ పిడికి ఉన్ని గ్లౌజు

పుస్తకంలో ఒక విషయం చదివితే ఆ విద్య చేతికి వచ్చేసినట్టేనని నేను మనసారా నమ్మిన రోజులు అవి. ఈత గురించి చదివాను కాబట్టి నాకు ఈత వచ్చు. (మా ఊరి ఏట్లో నీళ్లు లేవు కాబట్టి ఆ నమ్మకానికి ఏ ప్రమాదమూ జరగలేదు.) తేనెటీగల పెంపకం, ఓడల నిర్మాణం, కంటి వైద్యం, మా తాలూకా శాఖా గ్రంథాలయంలో ఏ బీరువా తాళం తెరుచుకుంటే ఆ శాస్త్రంలో నేను పండితుణ్ణి. ఇంటర్ తప్పిన నాకు కాలేజీ చదువులు చదివినవాళ్లను చూస్తే జాలి వేసేది. పాపం, వాళ్లు పరీక్షలో వచ్చేవి మాత్రమే చదువుకుంటారు కదా! ఇంతటి సర్వజ్ఞుడు కువైట్‌లో, వఫ్రా తోటల్లో, ప్లాస్టిక్ పందిరి కింద చెమటతో తడుస్తూ కీరదోసకాయలు కోస్తున్నాడంటే అది నా దురదృష్టం కాదనీ, ప్రపంచానికి జరుగుతున్న నష్టమనీ అనుకునేవాణ్ణి.

ఆ నష్టాన్ని ఆపినవాడు మా కఫీల్. నాకు వీసా ఇచ్చిన యజమాని అన్నమాట. మేమందరం బాబా అని పిలిచేవాళ్లం. ఒకరోజు ఆయన తోటకు వచ్చినప్పుడు పురుగుమందు డబ్బా మీదున్న ఇంగ్లీషును నేను పైనుంచి కిందిదాకా, పిల్లలకు అందనివ్వకండి అన్న మాటతో సహా, గట్టిగా చదివి వినిపించాను. ఆయన ఓపిగ్గా విని, "ఇంగ్లీష్ జైన్!" అని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే నన్ను కారెక్కించుకుని హవల్లీలో ఉన్న తన దుకాణానికి తెచ్చి పడేశాడు. ఎడారిలో డేరాలు వేసుకుని సరదాగా గడిపేవాళ్లకు కావలసిన సరుకులు అమ్మే దుకాణం అది. డేరాలు, బొగ్గుల పొయ్యిలు, మడత కుర్చీలు. ఒక పక్క అద్దాల బీరువాలో, లైసెన్సు రైఫిళ్లు ఉన్నవాళ్లు తమ ముచ్చట కొద్దీ మార్చి బిగించుకునే పిడులూ ట్రిగ్గర్లూ. తుపాకులు మాత్రం అమ్మం. "చలికాలం డేరాల సీజను మొదలయ్యేదాకా చూస్తా. పనికొస్తే నీ ఇఖామా దుకాణం మీదికి మారుస్తా. లేదంటే యల్లా, వఫ్రా," అన్నాడు బాబా. ఇఖామా అంటే అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే అనుమతి, యల్లా అంటే పద అని.

వఫ్రా వద్దనుకోవడం కీరదోస మీద కోపంతో కాదు. అక్కడ బస్సు దొరకడమే కష్టం, ఇక పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? హవల్లీలో అయితే దుకాణానికి నడిచిపోయేంత దూరంలో ఒక లైబ్రరీ ఉంది. అందులో అరబ్బీ పుస్తకాల కొండల వెనక ఒకే ఒక్క ఇంగ్లీషు బీరువా, దానికి తాళం లేదు. తాళం లేని బీరువాను నేను జీవితంలో మొదటిసారి చూడటం అక్కడే. వారానికి ఒక పూట దాని ముందు కూర్చునే భాగ్యం పోతుందంటే నాకు ప్రాణం పోయినట్టే.

దుకాణంలో నాకంటే ముందునుంచీ ఉన్నవాడు కోనసీమ అన్న. అబ్బాసియాలో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఆయన వ్యాపార రహస్యం ఒకే వాక్యం. ఎవరు ఏ పిడి చేతిలోకి తీసుకున్నా అరబ్బీలో, "ఇది తమరి చేతి కోసమే పుట్టింది," అనేవాడు. లావు చేతికీ అదే మాట, సన్న చేతికీ అదే మాట. కొనేవాళ్లూ అట్లాగే ఉండేవాళ్లు. వాళ్లలో కాల్చేవాళ్లు తక్కువ, పట్టుకునేవాళ్లు ఎక్కువ. సాయంత్రం వచ్చి, కాఫీ తాగి, తుపాకీ లేని ఉత్త పిడిని గాలిలో పట్టుకుని, ఒక కన్ను మూసి మా ఫ్యాను మీదికి గురిపెట్టి, తృప్తిగా నిట్టూర్చి, ఇంట్లో ఉన్న మూడు పిడుల పక్కన పెట్టుకోవడానికి నాలుగోది కొనుక్కుపోయేవాళ్లు. ఈ అశాస్త్రీయతను చూసి నా రక్తం ఉడికిపోయేది.

ఆ ఏడాది ఆగస్టు నెలలో బాబా చెల్లెలి కొడుకు వచ్చాడు. ఆయనకంటే ముందు ఆయన అత్తరు వచ్చేది కాబట్టి మేం ఆయనకు సెంటాయన అని పేరు పెట్టుకున్నాం. కొత్తగా లైసెన్సు తీసుకుని, ఒకసారి నొక్కితే ఒక గుండు పేలి తర్వాతి గుండు తనంతట తానే ఎక్కే సెమీ ఆటోమేటిక్ రైఫిలు కొన్నాడు. అది షూటింగ్ క్లబ్బులో భద్రంగా ఉంది. ఆయన వరసకు అన్నదమ్ములైన కుర్రాళ్లందరూ అక్కడ పోటీ పెట్టుకున్నారు. రైఫిలుకు అన్నిటికంటే మంచి పిడి, అన్నిటికంటే మంచి ట్రిగ్గరు కావాలి. బాబా నన్ను పక్కకు పిలిచి, "నా మేనల్లుడు. వాడు సంతోషంగా పోతే నువ్విక్కడ. ఏడుస్తూ వస్తే నువ్వు వఫ్రాలో," అన్నాడు. శుక్రవారందాకా గడువు అడిగాను. వైద్యుడు రోగిని చూడగానే మందు రాయడు కదా.

లైబ్రరీలో అట్టలేని పాత పుస్తకం ఒకటి దొరికింది, రైఫిలు గురి గురించి. ముందున్న కాగితాలు ఎవరో చింపుకుపోయారు గానీ, నాకు కావలసిన పేజీ దేవుడు దాచిపెట్టినట్టు మిగిలి ఉంది. అటువంటి వాతావరణంలో లోహాన్ని ఉత్త చేత్తో తాకరాదట. తాకితే చర్మం ఊడివస్తుందట. పిడికి మెత్తని రబ్బరు మేలట. వేళ్లకు గ్లౌజులు తప్పవు కాబట్టి, గ్లౌజు తొడిగిన వేలికి అందేలా ట్రిగ్గరు వెడల్పుగా ఉండాలట. పక్కనే నలుపు తెలుపు ఫోటో. చెట్టూ చేమా లేకుండా కనుచూపు మేర తెల్లటి నేల. దాని మీద బోర్లా పడుకుని గురిపెడుతున్న మనిషి, ఒంటి నిండా బట్టలు, తలకూ మొహానికీ గుడ్డ. ఇది మా ఎడారే! కారు తలుపు పిడిని పట్టుకుంటే చెయ్యి చుర్రుమనే దేశం ఇదే కదా! వఫ్రాలో మేమూ ఎండ తగలకుండా అట్లాగే ఒళ్లంతా చుట్టుకునేవాళ్లం. ఆ పేజీని జిరాక్సు తీయించి, దుకాణం బల్ల మీది అద్దం కింద పటం కట్టినట్టు పెట్టాను.

సెంటాయన వచ్చాక నేను చేసిన ఉపన్యాసం ఇప్పటికీ నాకు గుర్తుంది. (నా ఇంగ్లీషూ ఆయన హిందీ ఇద్దరి చేతి సైగలూ కలిసి నడిచిన సంభాషణ అది.) లోహం స్వభావం, చర్మం స్వభావం, మధ్యలో రబ్బరు నిర్వహించే పాత్ర, అన్నీ చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. అంతవరకు ఆయన చేతి కోసమే పుట్టిన పిడులు బోలెడు చూశాడు గానీ, ఇంత చరిత్ర ఉన్న పిడిని చూడలేదు.

"ట్రిగ్గరు మరీ వెడల్పుగా ఉందే, నా వేలికి ఎట్లాగో ఉంది," అన్నాడు.

"ఉత్త వేలికి అట్లాగే ఉంటుంది సార్. దీన్ని గ్లౌజుతో నొక్కాలి."

"గ్లౌజా? నీ దగ్గర ఉందా?"

ఉంది. అటక మీద పెట్టెల నిండా ఉన్ని గ్లౌజులు ఉన్నాయి. ఎప్పుడో బాబా స్వయంగా తెప్పించిన సరుకు అది. ఒక్క జత కూడా అమ్ముడుపోలేదు. వాటి పేరెత్తితే బాబాకు కోపం వస్తుందని ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. నేను నిచ్చెన వేసుకుని ఎక్కుతుంటే కోనసీమ అన్న వచ్చి నిచ్చెన పట్టుకుని, తెలుగులో గొణిగాడు.

"ఒరేయ్ పండితుడా, ఆగస్టులో ఉన్ని గ్లౌజులేంట్రా బాబూ? ఆయనకేమన్నా చలిజొరవా?"

"నీకు తెల్దులేన్నా. ఇది సైన్సు. పుస్తకంలో రాసిండారు."

"ఆ రాసినోడు ఎప్పుడన్నా మన అబ్బాసియా బస్సెక్కాడేంటి?"

"అన్నీ ఎక్కి చూడాల్నంటే ఇంగ పుస్తకాలెందుకన్నా?"

"ఆయ్, అదీ నిజవేలే. వఫ్రా ఎల్లినాక దోసకాయలికి చదివి వినిపిద్దువుగాని," అని నిచ్చెన వదిలేసి పోయాడు. ఈర్ష్య అనుకున్నాను.

సెంటాయన పిడీ ట్రిగ్గరూ నాలుగు జతల గ్లౌజులూ కొనుక్కుని, నా భుజం తట్టి మరీ వెళ్లాడు. ట్రిగ్గరును క్లబ్బులో తుపాకులు బాగుచేసే మేస్త్రీకి అప్పగించాడు. పిడిని మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. పోటీ నాటిదాకా కారు ఆగినప్పుడు ముందు అద్దం దగ్గర పెట్టి, నడిపేటప్పుడు ఒక చేత్తో స్టీరింగూ ఒక చేత్తో పిడీ పట్టుకుని ఊరంతా తిరిగాడు. కనబడిన ప్రతివాడికీ లోహం స్వభావం, చర్మం స్వభావం బోధించాడట. కువైట్ ఆగస్టు ఎండలో, అద్దం వెనక, రబ్బరు ముక్క పొద్దస్తమానం కాగుతూ ఉంది. ఈ సంగతి తెలిసి కూడా నా శాస్త్రానికి ప్రచారం జరుగుతోందని పొంగిపోయానే తప్ప, రబ్బరుకూ ఒక స్వభావం ఉంటుందని తోచలేదు.

పోటీ రోజు సాయంత్రం కుర్చీలు మొయ్యడానికి నన్నూ కోనసీమ అన్ననూ పంపించారు. మేస్త్రీ పిడి బిగిస్తూ తన వేళ్లను పదేపదే గుడ్డకు తుడుచుకుంటున్నాడు. మిగతా కుర్రాళ్లందరూ ఉత్త చేతులతో, కొన్నప్పుడు వచ్చిన పిడులతోనే కాల్చారు. చివరికి సెంటాయన లేచి, పెళ్లికొడుకులా ఉన్ని గ్లౌజులు తొడుక్కున్నాడు. ఆయన వేలు ట్రిగ్గరు మీదికి చేరిందో లేదో ఉన్ని లోపలున్న ఆయనకే తెలియలేదు. తెలుసుకుందామని కొంచెం కదిపేసరికి ఢామ్మంది. గుండు ఎదురుగా ఉన్న ఇసుక కట్టలో ఎక్కడో, లక్ష్యానికి చుట్టరికం కూడా లేనంత దూరంలో దిగబడింది. క్లబ్బు అధికారి కేకవేసి ఆపించి, గుండ్లు తీయించి, రైఫిలు కింద పెట్టమన్నాడు. సెంటాయన పెట్టాడు. చెయ్యి మాత్రం రాలేదు.

లాగాడు. రాలేదు. ఉన్ని పోగుల్లోకి రబ్బరు పాకంలా ఎక్కేసింది. తమ్ముళ్లు ఫోన్లు పైకెత్తారు. ఆయన గట్టిగా గుంజేసరికి చెయ్యి వచ్చింది, గ్లౌజు రాలేదు. బల్ల మీద రైఫిలు, దాని పిడిని బిగించి పట్టుకున్న ఉన్ని చెయ్యి. ఎవరో కాల్చడానికి వచ్చి, చేతిని వదిలేసి ఇంటికి పోయినట్టుంది. రెండో గ్లౌజును ఆయన తన తెల్లటి దిష్‌దాషా అంగీకి తుడుచుకున్నాడు. ఆ మరక గురించి చెప్పే ధైర్యం నాకు లేదు.

"తమ్ముడూ," అన్నాడు కోనసీమ అన్న మెల్లిగా, కుర్చీ మడుస్తూ, "ఈ పిడి మాత్రం నిజంగానే ఆయన చేతి కోసవే పుట్టిందిరా."

మర్నాడు సెంటాయన అత్తరు లేకుండా వచ్చాడు. మేస్త్రీ విప్పి ఇచ్చిన పిడినీ దాన్ని వదలని గ్లౌజునూ సంచిలోంచి తీసి మేనమామ ముందు పడేసి, నన్ను ఆ పూటే తోటకు పంపాలన్నాడు. బాబా ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి, "షిను హాదా? ఏమిటిది?" అన్నాడు.

"బాబా, తప్పు నాది కాదు. పుస్తకంలో ఉంది," అని అద్దం కిందినుంచి జిరాక్సు తీసి ఇచ్చాను. "చూడండి, ఎడారిలో కాల్చే మనిషి. గ్లౌజులు కూడా ఉన్నాయి."

బాబా ప్రతి వేసవికీ చల్లటి దేశాలకు పోయి వచ్చే మనిషి. ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. నావైపు చూశాడు. మళ్లీ ఫోటోవైపు చూశాడు.

"ఇది ఇసుక కాదురా. థల్జ్."

థల్జ్ అంటే మంచు. ఆ మాట నాకు తెలుసు. రోజూ నీళ్లలో వేసుకునేదాని పేరే కదా. అది నేల మీద అంత విస్తారంగా పరుచుకుని ఉంటుందని కూడా నేను చదివాను. చదివాను గానీ, పుట్టింది రాయలసీమలో, బతుకుతున్నది కువైట్‌లో. తెల్లటి నేల కనబడితే నా కంటికి అది ఎండే.

బాబా నవ్వడం మొదలుపెట్టాడు. బల్ల పట్టుకుని నవ్వాడు. కోనసీమ అన్న డేరాల వెనక్కి పోయాడు, డేరాలు ఊగుతున్నాయి. సెంటాయన తలుపును ధడాలున వేసి వెళ్లిపోయాడు. నేను మనసులో లైబ్రరీ బీరువాకు దండం పెట్టుకుని, బట్టల సంచి సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందా అని లెక్క వేసుకుంటున్నాను.

నవ్వు ఆగాక బాబా గ్లౌజును గిల్లి చూసి, "ఇది మన అటక మీదిదేనా?" అన్నాడు.

"అవును బాబా."

"వాడికి అమ్మావా? ఆగస్టులో?"

"నాలుగు జతలు బాబా."

ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. అక్కడ ఉన్నది గౌరవం. పుస్తకాలు చదివినందుకు నాకు ఎన్నడూ ఎవరూ ఇవ్వని గౌరవం, పుస్తకాన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నందుకు దొరికింది. "ఇంకా ఎన్ని పెట్టెలు ఉన్నాయి?" అన్నాడు. రెండు అన్నాను. "అవి అయిపోయేదాకా నువ్వు ఇక్కడే. అయిపోయాక వఫ్రా సంగతి చూద్దాం. ఖలాస్," అని లేచిపోయాడు.

తన తెలివి మీద తాను ఎంత మురిసిపోయాడో గానీ, ఆ తీర్పులో ఉన్న లొసుగు ఆయనకు తట్టలేదు. నాకు మాత్రం అబ్బాసియా బస్సు ఎక్కకముందే తట్టింది. ఇన్నేళ్లలో నా ఇఖామా దుకాణం మీదికి మారింది, నాకు బట్టతల వచ్చింది, ఆ ఇంగ్లీషు బీరువాలో నేను చదవనిది లేదు. బాబా ఆ మాటను ఆ పూటే మరిచిపోయి ఉంటాడు. నేను ఇంకా మరిచిపోలేదు; ఆ రెండు పెట్టెలూ ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి. ఏ విషయం మీదైనా నిచ్చెనెక్కి మరీ మాట్లాడే ఆనాటి నాలోని కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడికున్న నమ్మకంలో పావు వంతు కూడా నాకిప్పుడు లేదు; లేనందుకు కొంచెం బెంగగానే ఉంటుంది. చలికాలంలో ఎడారికి పోయే కుర్రాళ్లు వచ్చి, "గ్లౌజులు ఉన్నాయా?" అని అడుగుతారు. నిజంగానే చలి ఉంటుంది, నిజంగానే వాళ్లకు అవసరం. నేను వాళ్ల చేతుల వంక జాలిగా చూసి, "వేడి కాఫీ గ్లాసు పట్టుకోండి బాబూ, దానికి మించింది లేదు," అంటాను. ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.